పండగలో పసివాళ్ల పని

(సంక్రాంతి సెలవులకు ముందు చిన్నపిల్లల తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చంటిపిల్లలతో వచ్చినవాళ్లు మొహమాటపడి బయటికి వెళ్లకండి. వాళ్లు ఏడిస్తే నేను గొంతు పెంచుతాను, అంతే.

ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఇంకో నెలలో ఊళ్లకి బయల్దేరతారు. కొందరు గోదావరి జిల్లాలకి, కొందరు గుంటూరు, ప్రకాశం వైపు, కొందరు కరీంనగర్, వరంగల్ వైపు. మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. అక్కడున్న నాలుగు రోజులూ మీ మూడేళ్ల పిల్ల ఏం చేస్తుంది? చెప్పండి, ఎవరైనా చెప్పండి. "ఆడుకుంటుంది" అంటున్నారు. సరే, దేంతో ఆడుకుంటుంది? ఎక్కడ? ఎవరి ఎదురుగా? ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు చూశారా.

చాలా ఇళ్లలో జరిగేది ఇది. పొద్దున్నే లేపుతారు, పట్టులంగా కడతారు, ఫొటోలు తీస్తారు. తరవాత ఆడవాళ్లు వంటింట్లోకి, మగవాళ్లు వీధి అరుగు మీదికి. పిల్ల చేతికి ఫోను. ఆరువందల కిలోమీటర్లు ప్రయాణం చేసి ఇంట్లో చూసే బొమ్మలే అక్కడా చూస్తుంది. అమ్మమ్మ నొచ్చుకుంటుంది, పైకి అనదు.

నేను ఈ పూట చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఈ పండగలో ప్రతి పనిలోనూ పసిపిల్ల చెయ్యగలిగిన ముక్క ఒకటి ఉంది. ఆ ముక్క వాళ్ల చేతికివ్వండి. ఇవ్వాలంటే ముందు రెండు జరగాలి. ఆ ఇల్లు పిల్లకి తగ్గట్టు సర్ది ఉండాలి, పిల్లని ఏ క్షణాన ఎవరు చూస్తున్నారో అందరికీ తెలియాలి. ఈ రెండూ లేకుండా "పనిలో దింపండి" అని చెప్పడం తప్పు. కాబట్టి ముందు అవే మాట్లాడుకుందాం.

బయల్దేరే ముందు

టికెట్ల సంగతి త్వరగా ముగిస్తాను. రైల్లో రిజర్వేషను ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు. జనవరి 12న ఎక్కాలంటే నవంబరు 13 పొద్దున్న 8 గంటలకే చూసుకోవాలి. అది దాటిపోయింది, వచ్చే ఏడాదికి గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మిగిలింది తత్కాలు, ఆర్టీసీ వేసే పండగ బస్సులు. 5 ఏళ్లు నిండని పిల్లకి బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. 5 నిండి 12 నిండనివాళ్లకి బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. పండగ రద్దీలో సగం డబ్బులు మిగులుతాయని ఏడేళ్లవాణ్ణి రాత్రంతా పక్కలో ఇరికించుకుంటే తెల్లారేసరికి ఇద్దరికీ ఒళ్లు హూనం. దొరికితే బెర్తే తీసుకోండి.

అసలు పని ఫోనులో ఉంది. వారం ముందు ఊరికి ఫోను చెయ్యండి. ఎలా మాట్లాడాలో కూడా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది తడబడతారు. "అత్తయ్యా, మీ ఇంట్లో అది ప్రమాదం, ఇది ప్రమాదం" అని మొదలుపెడితే పండగ అక్కడే చెడుతుంది. ఆవిడ ఆ ఇంట్లోనే నలుగురిని పెంచింది. ఇల్లు బాగాలేదని అనకండి, పిల్ల మారిందని చెప్పండి. "అత్తయ్యా, బుజ్జిది ఇప్పుడు దొరికిందల్లా నోట్లో పెట్టేసుకుంటోంది, మామయ్యగారి మందుల డబ్బా కాస్త బీరువాలో పెట్టించండి." ఇలా అంటే ఆవిడే ఇంకో నాలుగు వస్తువులు గుర్తుచేసుకుని మరీ పైన పెడుతుంది.

మందుల డబ్బాతోనే ఎందుకు మొదలుపెట్టానంటారా? తాతయ్య బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఎక్కడుంటాయి? తలగడ కింద, కిటికీలో, టీవీ పక్కన. మూడేళ్ల పిల్ల చేతికి అందే ఎత్తులోనే. షుగరు తగ్గించే మాత్రల్లో కొన్ని రకాలు ఒక్కటి మింగినా పసిపిల్లకి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అదీ వెంటనే కాదు, కొన్ని గంటలు ఆగి కూడా పడిపోవచ్చు. "బాగానే ఆడుకుంటోంది కదా" అని ఊరుకోకూడదు. మింగిందని అనుమానమొస్తే ఆ మాత్రల అట్టని చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. 108కి ఫోను చెయ్యాలి.

తరవాత దేవుడి గూట్లో కర్పూరం. చూడ్డానికి పటికబెల్లంలా ఉంటుంది. కొంచెం మింగినా పసిపిల్లలకి ఫిట్స్ వస్తాయి. ఆపైన పెరట్లో, కొట్టంలో ఉండే సీసాలు. కిరోసిన్, పురుగుమందు, యాసిడ్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసిపెట్టే అలవాటు ఇప్పటికీ ఉంది. పిల్లకి అది తాగేదిగానే కనబడుతుంది. అలాంటిది తాగితే ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించకండి. మళ్లీ చెబుతున్నాను, వాంతి చేయించకండి. కిరోసిన్ పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అసలు ప్రమాదం అదే.

నీళ్లు. బావికి మూత ఉందా, చెరువో కాలవో ఎంత దూరం, ఇవి ఎలాగూ అడుగుతారు. కానీ గోలెం, పశువుల తొట్టి, బాత్రూంలో సగం నిండిన బకెట్ ఎవరికీ గుర్తుకురావు. ఏడాదిన్నర పిల్లకి ఒంట్లో తలే బరువు. బకెట్లోకి తొంగిచూసి తలకిందులైతే తనంతట తాను లేవలేదు. జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు. చప్పుడు కూడా కాదు. వాడని బకెట్లు బోర్లించండి. గోలెం మీద చెక్కమూత పెట్టి పైన బరువు పెట్టించండి.

ఇంకొకటి, చిన్నదే కానీ నాలుగు రోజులూ ఏడిపిస్తుంది. మరుగుదొడ్డి. కమోడ్‌కి అలవాటుపడ్డ నాలుగేళ్ల పిల్లవాడు ఊళ్లో కింద కూర్చునే దొడ్డిని చూసి భయపడి బిగపట్టుకుంటాడు. మూడో రోజుకి కడుపునొప్పి. అందరూ అరిసెల వల్ల అనుకుంటారు. ఇప్పటినుంచే ఇంట్లో గొంతుక్కూర్చోవడం ఆటలా నేర్పండి, లేదా వాడి పాటీ సంచిలో పడేయండి. రాత్రి పెరట్లోకి వెళ్లాలంటే టార్చి ఉండాలి, వెంట పెద్దవాళ్లుండాలి.

ఇప్పుడు రెండోది, ఎవరు చూస్తున్నారు. ఇంటినిండా పదిహేనుమంది ఉన్నప్పుడే పిల్ల కనబడకుండా పోతుంది. మీ అపార్ట్‌మెంటులో ఇద్దరే ఉంటారు, ఇద్దరికీ తెలుసు పిల్ల ఎక్కడుందో. పండగ ఇంట్లో తల్లి అనుకుంటుంది నాయనమ్మ దగ్గరుందని. నాయనమ్మ అనుకుంటుంది పిన్ని ఎత్తుకుందని. పిన్ని పిల్లని దింపేసి స్నానానికి వెళ్లిపోయింది. ఎవరిదీ నిర్లక్ష్యం కాదు. జనం ఎక్కువయ్యేకొద్దీ ప్రతి ఒక్కరూ ఇంకొకరు చూస్తున్నారనే అనుకుంటారు.

దీనికి పద్ధతి తేలిక. వంతులు పెట్టుకోండి. అరగంట, ముప్పావుగంట, అంతకంటే ఎక్కువ వద్దు. వంతు మారేటప్పుడు నోటితో చెప్పాలి. "వదినా, పాప ఇప్పుడు నీ దగ్గర." అవతలివాళ్లు "ఆ, నా దగ్గరే" అనాలి. ఆ జవాబు వినబడేదాకా వంతు మారనట్టే. ఎనిమిదేళ్ల అక్కకి ఈ వంతు ఇవ్వకూడదు. తోడు ఉండొచ్చు కానీ కాపలా పెద్దవాళ్లదే. పిల్ల కనబడలేదంటే ముందు గదులు వెతక్కండి. ముందు నీళ్ల దగ్గరికి, తరవాత రోడ్డు మీదికి, ఆ తరవాతే మంచం కింద చూడండి.

పిల్ల రాకపోతే

ఇంట్లో అడుగుపెట్టగానే జరిగే ఒక చిన్న గొడవ గురించి చెప్పాలి. నాయనమ్మ ఆత్రంగా చేతులు చాస్తుంది. పది నెలల పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది. నాయనమ్మ మొహం చిన్నబోతుంది. పక్కనుంచి ఎవరో అంటారు, "మమ్మల్ని అలవాటు చెయ్యలేదమ్మా మీరు." తల్లి కళ్లల్లో నీళ్లు. ఎన్ని ఇళ్లలో జరుగుతుందండీ ఇది?

ఆరేడు నెలల నుంచి రెండేళ్ల దాకా కొత్తవాళ్లని చూసి ఏడవడం ఆ వయసు లక్షణం. మన మనిషెవరో, కాని మనిషెవరో తెలిసిపోతోందని దానర్థం. ప్రేమ లేక కాదు, ఎవరి తప్పూ కాదు. ఈ ముక్క నాయనమ్మకి బయల్దేరకముందే ఫోనులో చెప్పండి. పిల్ల ఏడ్చాక చెబితే సాకులా వినబడుతుంది.

వెళ్లాక ఎలా? పిల్లని చేతుల్లో పెట్టెయ్యకండి. తల్లి చంకలో ఉండగానే నాయనమ్మ కింద చాప మీద కూర్చోవాలి, నిలబడి కాదు. పిల్ల కళ్లల్లోకి చూడకుండా ఏదో ఒక పని చేసుకోవాలి. చిక్కుడుకాయలు ఈనెలు తియ్యడం, కొబ్బరాకు బూర చెయ్యడం, గిన్నెలో గవ్వలు గలగలలాడించడం. ఇరవై నిమిషాలో అరగంటో ఆగండి. పిల్లే పాక్కుంటూ వస్తుంది. వచ్చాక కూడా ఎత్తుకోవద్దు, ముందు వస్తువు అందివ్వాలి. ఇలా వచ్చిన పిల్ల సాయంత్రానికి ఆవిడ కొంగు వదలదు. ముందు వారమంతా వీడియో కాల్లో రోజూ అయిదు నిమిషాలు ఒకే పాట, ఒకే చేతి ఆట ఆడిస్తే ఇంకా తొందరగా అతుక్కుంటుంది. చెమ్మచెక్కో, ఏనుగమ్మ ఏనుగో, ఏదైనా ఒక్కటే. అక్కడికి వెళ్లాక అదే పాట ఆవిడ నోట వింటే పిల్ల మొహం ఎలా వెలుగుతుందో మీరే చూద్దురుగాని.

భోగి

పండగ జనవరి 13, 14, 15న, కొన్నేళ్లు ఒక రోజు అటుగా. భోగిలో పసివాళ్లకి రెండు పనులున్నాయి. పొద్దున్న మంటలో పిడకల దండ వెయ్యడం, సాయంత్రం భోగిపళ్లు పోయించుకోవడం.

భోగి పిడకలు చిన్నవి, అరచేతిలో పట్టేవి, మధ్యలో వేలితో చిల్లు పెడతారు. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. పన్నెండో తారీఖున ఊరు చేరి "పిడకలు చేద్దాం రా" అంటే అవి భోగికి ఎండవు. పచ్చి పిడక మంటలో వేస్తే పొగ తప్ప ఏమీ రాదు. చిన్న పిడకకైనా మంచి ఎండలో వారం పడుతుంది, జనవరి మంచుకి ఇంకా ఎక్కువే. అందుకని ధనుర్మాసం పెట్టిన దగ్గర్నుంచీ అమ్మమ్మ చేసి ఎండబెట్టాలి, పిల్ల వెళ్లాక దండ గుచ్చాలి. గుచ్చడమే పిల్లల పని. సూది అక్కర్లేదు. పురికొస చివర మైనం రాసి బిరుసు చేస్తే నాలుగేళ్ల పిల్ల తనే గుచ్చుతుంది. మూడేళ్ల పిల్ల ఒక్కొక్క పిడక అందిస్తుంది. లెక్క కూడా అక్కడే వస్తుంది. వయసెంతో అన్ని పిడకలు గుచ్చమనండి, లేదా ఇంట్లో ఎంతమందో అన్ని. పేరుకొకటి చెప్పి గుచ్చితే బంధువులందరి పేర్లూ వచ్చేస్తాయి.

మంట దగ్గర బట్టల విషయం జాగ్రత్తగా వినండి. తెల్లవారుజామున చలి అని పిల్లకి ఉన్ని స్వెటర్ వేస్తారు. బజార్లో దొరికే చవక స్వెటర్లు చాలావరకు ఉన్ని కాదు, యాక్రిలిక్. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. దానికి బదులు నూలు చొక్కాలు రెండు ఒకదానిమీద ఒకటి వెయ్యండి. పట్టులంగా, పొడుగు గౌను సాయంత్రానికి దాచండి. గాలి ఎటునుంచి వస్తోందో అటువైపు నిలబడాలి, పొగ పోయే వైపు కాదు. మంటకి నాలుగు పెద్ద అంగల దూరంలో నేల మీద ముగ్గుపిండితో గీత గీసి, పిల్ల ఆ గీత దాటదని చెప్పండి. దండ వేసేటప్పుడు తండ్రో తాతయ్యో ఎత్తుకుని తీసుకెళ్లి వేయించి వెంటనే వెనక్కి రావాలి. మంట సరిగా అంటుకోలేదని పెట్రోలు పోసేవాళ్లుంటారు. అలాంటి చోట పిల్లతో అసలు నిలబడకండి. పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నా అంతే. ఆ పొగకి ఆయాసం ఉన్న పిల్లలు రెండు రోజులు దగ్గుతారు.

మంట ఆరాక ప్రమాదం పోలేదు. పైన బూడిద చల్లగా తెల్లగా ఉంటుంది, లోపల నిప్పు గంటల తరబడి ఉంటుంది. పొద్దెక్కాక పిల్లలు వట్టికాళ్లతో అందులోకి పరిగెడతారు. స్నానాలు అవగానే ఎవరో ఒకరు నీళ్లు కుమ్మరించి కర్రతో కెలికి మళ్లీ నీళ్లు పోయాలి. కాలితే పంపు కింద మామూలు నీళ్లు 20 నిమిషాలు పోస్తూనే ఉండండి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పసుపు వద్దు. తరవాత శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి.

భోగి మంట మీద కాచిన నీళ్లతో తలంటు పోస్తారు కదా, బకెట్లో ముందు చన్నీళ్లు, తరవాత వేణ్ణీళ్లు. వేణ్ణీళ్లు ముందు పోసి చన్నీళ్ల కోసం అటు తిరిగినప్పుడే పిల్ల చెయ్యి పెడుతుంది. చంటిపిల్లలకి నువ్వులనూనె ఒంటికి రాయండి, ముక్కులోనూ చెవుల్లోనూ వెయ్యకండి.

ఇక భోగిపళ్లు. పండగ మొత్తంలో పసిపిల్ల పెద్దపీట మీద కూర్చునే సమయం ఇదొక్కటే. బాగా జరగాలి. సాధారణంగా అయిదేళ్లలోపు పిల్లలకి పోస్తారు, కొన్ని ఇళ్లలో పెద్దపిల్లలకి కూడా పోస్తారు. ఒక పిల్లకి అర కిలో రేగిపళ్లు చాలు. చిన్న నాటు రేగిపళ్లే తెండి. ఈమధ్య దొరికే ఆపిల్‌ సైజు రేగిపళ్లు పోస్తే పసితలకి దెబ్బ తగులుతుంది. బంతి, చేమంతి రేకలు ఎక్కువ వెయ్యండి, పళ్లకి రెండింతలు ఉన్నా ఫరవాలేదు. చెరకు ముక్కలు ఒక గుప్పెడు, అంచులు పదును లేకుండా కోయాలి. నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు, అక్షింతలు.

పిల్లని తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెడతారు. పెద్దావిడ రెండు గుప్పిళ్లతో తీసుకుని తలచుట్టూ మూడుసార్లు తిప్పి నడినెత్తిన వదులుతుంది. తరవాత తల్లి, మేనత్త, పేరంటాళ్లు. చివర హారతి, తాంబూలాలు. ఏం చెడుతుంది ఇందులో? మొదటి గుప్పెడు పడగానే పిల్ల బెదిరి ఏడుస్తుంది. ఎందుకు బెదరదండీ, చుట్టూ పాతికమంది, పైనుంచి రాళ్లలా ఏవో పడుతున్నాయి! మొదటి ముగ్గురూ పూలరేకలు మాత్రమే పొయ్యండి. నవ్వుతుందా, అప్పుడు పళ్లు కలపండి. రెండేళ్లలోపు పిల్లని పీట మీద ఒక్కదాన్నీ కూర్చోబెట్టకండి, తాతయ్య పీట మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంటే సరి. వెయ్యడం ఎత్తునుంచి వద్దు, చెయ్యి తలకి జానెడు పైన ఉండాలి. మధ్యాహ్నం నిద్ర పోగొట్టి ఆరింటికి పీట ఎక్కిస్తే ఏ పిల్లయినా ఏడుస్తుంది. నిద్ర ముందు, పేరంటం తరవాత.

దీనికంటే పెద్ద సంగతి ఇంకొకటి. పోసిన పళ్లు దిష్టి తీసినవని ఆ పిల్లకి పెట్టరు. మంచి ఆచారం. కానీ కింద పడ్డవాటి కోసం మిగతా పిల్లలందరూ ఎగబడతారు. ఏడాది పిల్ల వాళ్ల మధ్యలో పాకుతుంది. రేగిగింజ, శనగగింజ, రూపాయి నాణెం, మూడూ పసిగొంతుకి సరిగ్గా అడ్డంపడే కొలతలో ఉంటాయి. కాబట్టి ముందే పెద్ద దుప్పటి పరిచి దాని మీద పీట వెయ్యండి. హారతి అవగానే నాలుగు మూలలూ పట్టుకుని ఎత్తెయ్యండి. ఒక్క గింజ నేల మీద మిగలదు. నాణేలు పెద్దపిల్లలకి ఆ తరవాత చేతికే పంచండి.

ఒకవేళ గొంతులో పడితే? పిల్ల దగ్గుతూ ఉంటే దగ్గనివ్వండి, నోట్లో వేలు పెట్టి గుడ్డిగా వెతక్కండి, లోపలికి తోసేస్తారు. దగ్గలేక, ఏడవలేక, ఊపిరాడక ఉంటే ఏడాదిలోపు పిల్లని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో 5 నొక్కులు. మళ్లీ 5, మళ్లీ 5. ఏడాది దాటిన పిల్లకి వీపు మీద 5 దెబ్బలు, తరవాత వెనకనుంచి పట్టుకుని బొడ్డుకి పైన పిడికిలితో లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చెయ్యాలి. ఇది ఇవాళ ఇక్కడ బొమ్మతో చేసి చూపిస్తాం, చూడకుండా వెళ్లకండి.

పిండివంటలూ ముగ్గులూ

అరిసెల దగ్గర పిల్ల పని ఎక్కడుంది? నూనె మూకుడు దగ్గర లేదు, అది స్పష్టంగా చెబుతున్నాను. పొయ్యి కింద పెట్టి అరిసెలు వండే ఇళ్లలో పిల్లలు ఆ గదిలోకి రాకూడదు. కానీ ఆ పనిలో చాలా మెట్లున్నాయి. కిలో బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. ఆ నీళ్లలో చెయ్యిపెట్టి కడగడం పిల్ల పని. నీళ్లు వాడ్చి, గుడ్డ మీద ఆరబోసి, తడి ఉండగానే పట్టిస్తారు. జల్లించిన పిండిని అదిమి మూతపెట్టడం పిల్ల పని. పిండి ఆరిపోతే అరిసె మెత్తగా రాదు, అందుకే అదమాలి. ఎందుకో చెబితే పిల్ల ఇంకా శ్రద్ధగా అదుముతుంది.

బెల్లం ముప్పావు కిలో దాకా పడుతుంది. పాకం పెద్దవాళ్లదే. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తే వేళ్లకి మెత్తటి ఉండ కట్టాలి. ఆ ఉండ కట్టిందో లేదో చూసి చెప్పడం అయిదేళ్ల పిల్లకి ఎంత గొప్ప పనో! చల్లారిన పళ్లెం కాబట్టి భయం లేదు. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే మర్నాటికి రాయి. చలిమిడి గోరువెచ్చగా అయ్యాక ఉండలు చెయ్యడం, తట్టిన అరిసె మీద నువ్వులు చల్లడం కూడా వాళ్లదే. నువ్వులు ఒకే చోట కుప్పగా పడతాయి. పడనివ్వండి. ఆ అరిసెలు వేరే పెట్టి సాయంత్రం తాతయ్యకి "ఇవి నేను చేశాను" అని పిల్లే ఇవ్వాలి.

తెలంగాణ ఇళ్లలో సకినాలు ఇంకా వీలు. గుడ్డ మీద చుట్టేదాకా పొయ్యి ఊసే లేదు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, వేళ్ల సందులోంచి జారవిడుస్తూ చుట్లు తిప్పాలి. పిండి జారుడైతే చుట్టు పరుచుకుపోతుంది, గట్టిదైతే తెగుతుంది. చిన్నపిల్లకి మూడు చుట్లు రావు, ఒక్క చుట్టు వస్తుంది. ఆ ఒక్క చుట్టు సకినం కూడా వేగుతుంది, కొంచెం తొందరగా తీసెయ్యాలి, అంతే.

ముగ్గుల్లో పిల్లలకి బియ్యప్పిండే ఇవ్వండి. బజార్లో అమ్మే ముగ్గు రాతిపిండి, కళ్లల్లో పడితే మండుతుంది. మూడు వరసలు, వరసకి మూడు సరిచుక్కలు. అవి పెట్టడమే ఒక పూట పని, కలపడం మర్నాడు. ఒక వరస చుక్కల సందుల్లో ఇంకో వరస పెట్టే సందుచుక్కలు ఆరేళ్లు దాటాక. నాయనమ్మ వేసిన పెద్ద ముగ్గులో గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు గుచ్చడం, రేకలు చల్లడం ఏ వయసుకైనా వస్తుంది. ముగ్గు చెరిపేస్తుందని వెళ్లగొట్టకండి.

హరిదాసు వస్తాడు. ఆయన నెత్తి మీది పాత్ర దింపడు, వంగుతాడు. పిల్లని ఎత్తుకుని దోసిట్లో బియ్యం పోసి ఆ పాత్రలో వేయించండి. బియ్యం సగం కింద పోతాయి. ఏం ఫరవాలేదు. గంగిరెద్దుని చూసి కొందరు పిల్లలు జడుసుకుంటారు. దూరంగా అరుగు మీదనుంచి చూపించండి, మీద కూర్చోబెట్టమని అడక్కండి. బొమ్మలకొలువు పెట్టే ఇల్లయితే కింద మెట్టు పిల్లకి వదిలెయ్యాలి, తన బొమ్మలు తనిష్టమొచ్చినట్టు పెట్టుకోవడానికి. ఏటికొప్పాక లక్కబొమ్మలు గింజల, వేర్ల రంగులతో చేస్తారు, చేతికివ్వడానికి బాగుంటాయి. నోట్లో పెట్టుకునే వయసైతే ఏ బొమ్మకైనా చిన్న విడి ముక్కలు లేకుండా చూడండి.

కనుమనాడు పశువులకి కుంకుమ బొట్టు పెట్టడం తాతయ్య ఎత్తుకుని పక్కనుంచి చేయించాలి, వెనకనుంచి ఎప్పుడూ వద్దు. కొత్త దూడ ఉన్న ఆవు దగ్గరికి అసలు వద్దు. కుక్క గీరినా కరిచినా సబ్బుతో పంపు కింద 15 నిమిషాలు కడిగి ఆ రోజే టీకా వేయించండి. పండగని ఆగకండి. గాలిపటాలకి చైనా మాంజా, అంటే మెడకి తగిలితే కోసేసే నైలాన్ దారం, నిషేధం, 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపింది. అయినా ఎక్కడో ఒకచోట ఎగరేస్తూనే ఉన్నారు. ఆ మూడు రోజులూ పిల్లని బండి ముందు నిలబెట్టి తిప్పకండి. అసలు నాలుగేళ్లలోపు పిల్లకి బండి మీద హెల్మెట్, నడిపేవాళ్లకి కట్టే బెల్టు ఉండాలనీ, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదనీ నిబంధనే ఉంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను. ఆరు నెలలలోపు తల్లిపాలే, పండగైనా సరే, పరమాన్నం నాలిక మీద రాయడం కూడా వద్దు. ఏడాదిలోపు తేనె వద్దు. ఇది పెద్దవాళ్లు ఒప్పుకోరు, కానీ అందులో ఉండే సూక్ష్మజీవి చంటిపిల్లల పేగుల్లో విషం చేస్తుంది. డాక్టరు వద్దన్నారని చెప్పండి, నింద మామీద వెయ్యండి. గారె పెట్టాలంటే తునిపి, మిరియాలు ఏరి పెట్టాలి. మూడో రోజు పిల్ల అన్నం తినడం లేదంటే చూడండి, మధ్యలో ఎంతమంది ఎన్ని బెల్లంముక్కలు పెట్టారో.

చివరిగా, రెండిళ్ల సమస్య. ముందు ఎవరింటికి? పసిపిల్లతో ఒక్కో ఇంట్లో కనీసం రెండు రాత్రులు ఉండేలా వేసుకోండి. మొదటి రాత్రి కొత్తచోట ఏ పిల్లకీ నిద్ర సరిగా పట్టదు, రెండో రాత్రి పడుతుంది. ఒక్కో రాత్రి చొప్పున ఇళ్లు మారిస్తే పండగంతా మొదటి రాత్రులే అవుతాయి. ఈ ఏడు భోగి అమ్మ వాళ్లింట్లో అయితే వచ్చే ఏడు అత్తగారింట్లో అని ఇప్పుడే రెండువైపులా చెప్పెయ్యండి. భోగిపళ్లు రెండిళ్లలోనూ పొయ్యాలని ఉంటుంది. రెండో ఇంట్లో మర్నాడు పోసుకోమనండి, ఏ పెద్దావిడా కాదనదు. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి తిరుగు ప్రయాణం ముక్కనుమ తరవాత పెట్టుకుంటే పెద్దవాళ్ల మాటా నిలబడుతుంది, రోడ్డు మీద రద్దీ కూడా కొంత తగ్గుతుంది.

పిల్ల గుచ్చిన దండలో రెండు పిడకలు, సకినాల గుడ్డ, ఒక ఫొటో తాతయ్య దగ్గర వదిలి రండి. వచ్చాక ఆదివారం ఫోనులో పిల్లకి, తాతయ్యకి మాట్లాడుకోవడానికి విషయం ఉండాలి కదా. "తాతా, దూడ ఎంత పెరిగింది?" అని అడగడం పిల్లకి వచ్చిందంటే ఉగాది దాకా ఆ ఫోను నడుస్తుంది.

ఇంక ప్రశ్నలు అడగండి. అటు మూలన ఎవరో చెయ్యెత్తి చాలాసేపైంది. వాళ్ల తరవాత గొంతులో అడ్డంపడ్డప్పుడు చెయ్యాల్సింది బొమ్మ మీద చూపిస్తాం, తండ్రులు కూడా ఒక్కొక్కరు వచ్చి చేసి చూడాలి.